తీసిన ముక్క తీసిన చోటే కూర్చోవాలి

(నెల్లూరులో ఒక ఆదివారం పొద్దున డెంటల్ ల్యాబుల్లో పనిచేసే పిలకాయలకి, కొంతమంది డెంటల్ స్టూడెంట్లకి ఒక సీనియర్ టెక్నీషియన్ చెప్పిన మాటలు. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల వినబడుతుండాదా? ఆ ఫ్యాను ఒక్కటి తగ్గించండమ్మా, ఈడ డై స్టోన్ పౌడర్, పళ్ళ మాడల్ పోసే రాతి పొడి, తూకం వేసి పెట్టుండా, ఎగిరిపోద్ది. సరే. డాక్టర్లు కూడా నలుగురైదుగురు వచ్చినట్టుండారు, చాలా సంతోషం సార్, ల్యాబ్ వాళ్ళు మాట్లాడుకునే చోటికి డాక్టర్లు వచ్చి కూర్చోవడం మంచిది, ఎందుకంటే ఈరోజు నేను చెప్పే పనిలో సగం మీ చేతుల్లో ఉండాది, సగం మా చేతుల్లో ఉండాది.

నా గురించి రెండు ముక్కలు చెప్పి పనిలోకి పోదాం. నేను పని నేర్చుకున్నది చెన్నైలో, అక్కడ ఆరేళ్ళు చేసి నెల్లూరు వచ్చి చిన్న ల్యాబ్ పెట్టుకున్నా, ఇప్పటికి ఇరవై ఏడేళ్ళు. కావలి, కందుకూరు, ఆత్మకూరు, గూడూరు, ఒంగోలు దాకా క్లినిక్కుల నుంచి పని వస్తది. 1948 డెంటిస్ట్స్ యాక్టులో మనల్ని డెంటల్ మెకానిక్ అని రాశారు, కొంతమందికి ఆ మాట నచ్చదు, నాకైతే బాగానే ఉంటది, మెకానిక్ అంటే ఏంది, ఊడదీసి మళ్ళీ కరెక్టుగా బిగించేవాడు, ఈరోజు మన సబ్జెక్టే అది.

ఇదుగో ఈ మాడల్ చూడండి. కింద దవడ. 46, అంటే కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను, డాక్టరుగారు క్యాపు కోసం, అంటే పన్ను మీద వేసే తొడుగు కోసం, ప్రెప్ చేసి, అంటే పన్ను చుట్టూ అరగదీసి, ఇంప్రెషన్, అంటే నోటి అచ్చు, పంపించారు, అందులో స్టోన్ పోస్తే వచ్చిందే ఈ మాడల్. ఇప్పుడు కింద నుంచి పిన్ను చివర ఇట్టా బొటనవేలితో నొక్కుతుండా... టక్ మంది, విన్నారా? పన్ను ఒక్కటే బయటికి వచ్చింది, చుట్టూ ఉన్న పళ్ళు ఎక్కడివక్కడే ఉండాయి. చిన్నప్పుడు తాటికాయ చెక్కితే ముంజ ఎట్టా ఉంటదో గుర్తుందా, దాని గుంతలో అది సరిగ్గా కూర్చోనుంటది, బొటనవేలు పెట్టి కిందనుంచి ఎత్తితే అది ఒక్కటే వస్తది, గుంత అట్టానే ఉంటది. అచ్చం అదే. ఈ బయటికి వచ్చిన ముక్కని డై అంటాం. ఇప్పుడు మళ్ళీ పెడుతుండా... చూడండి, మళ్ళీ టక్ మంది. ఈ రెండో శబ్దం గురించే నేను ఈరోజు మాట్లాడేదంతా. బయటికి తీయడం ఎవురైనా తీస్తారు, మళ్ళీ పెట్టినప్పుడు అది పోయి సరిగ్గా అదే చోట, అదే ఎత్తులో, అదే వాలులో కూర్చుందా లేదా, మన పని మొత్తం దాని మీద నిలబడి ఉండాది.

అసలు ఎందుకు తీయాలి అని కొత్తగా వచ్చిన పిలకాయలు అడుగుతారు, మంచి ప్రశ్న. పేషెంట్ నోట్లో పన్నుని తిప్పి చూడలేం గదా, డాక్టరు గారికే అద్దం పెట్టి చూడాల్సి వస్తది. పన్ను చుట్టూ మార్జిన్ అని ఒక గీత ఉంటది, డాక్టరు అరగదీసింది ఎక్కడ ఆగిందో ఆ అంచు, మన క్యాపు అంచు సరిగ్గా దాని మీదకి వచ్చి కూర్చోవాలి. ముందువైపు, నాలుక వైపు కనబడతది, కానీ పక్క పన్నుకీ దీనికీ మధ్యలో సందు ఉంటదే, ఆడ కనబడదు, ఆడికి వ్యాక్స్ నైఫ్ కూడా పోదు. క్యాపు ఆకారం ముందు వ్యాక్స్‌తోనే చేస్తాం గదా, కనబడని చోట ఆ వ్యాక్స్ ఎట్టా అతుకుతాం? అందుకని బయటికి తీయాలి. కానీ బయటికి తీస్తే ఇంకో ఇబ్బంది, పక్క పన్నుకి ఎంత తగలాలో, పై పన్నుకి ఎక్కడ తగలాలో తెలియదు, అవి తెలియాలంటే మళ్ళీ లోపల పెట్టాలి. అంచు కోసం తీయాలి, తగులుడు కోసం పెట్టాలి, ఒక క్యాపుకి మనం ఎన్నిసార్లు తీసి పెడతామో ఎప్పుడన్నా లెక్కేశారా? నేను ఒకసారి లెక్కేశా, ఒక్క మెటల్ సిరామిక్ క్యాపుకి నలభై సార్లు దాటింది. నలభై సార్లలో ఒక్కసారి కూర్చోకపోయినా ఆ ఒక్కసారి చేసిన పని అంతా తప్పే.

ఎంత తప్పు అంటారా. 1971లో మెక్లీన్, ఫాన్ ఫ్రాన్‌హోఫర్ అని ఇద్దరు వెయ్యికి పైగా క్యాపులూ ఫిల్లింగులూ అయిదేళ్ళ పాటు చూసి, అంచు దగ్గర ఖాళీ 120 మైక్రాన్ల లోపు ఉంటే పర్లేదు అని రాశారు, ఇప్పటికీ అందరూ ఆ నంబరే చెప్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. మన తల వెంట్రుక లావు రమారమి 70 మైక్రాన్లు అనుకోండి. అంటే రెండు వెంట్రుకలు పక్కపక్కన పెడితే మన పర్మిషన్ అయిపోయింది. అందులో డాక్టరుగారి ఇంప్రెషన్ తప్పు కొంత, స్టోన్ తప్పు కొంత, వ్యాక్స్, మెటల్ పోత పోసే క్యాస్టింగ్, క్యాపు అతికించే సిమెంట్ ఇవన్నీ వాటాలు తీసుకుంటాయి, ఇంక డై కదలడానికి మిగిలేది ఏముంది.

స్టోన్ దగ్గర నుంచి మొదలుపెడదాం. మీలో చాలామంది కంటితో చూసి నీళ్ళు పోస్తారు, నాకు తెలుసు, నేనూ చెన్నైలో అట్టానే నేర్చుకున్నా, మా మేస్త్రి "దోసె పిండి లాగా కలుపు" అనేవాడు. దోసె పిండి ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క రకంగా ఉంటది గదా. విషయం ఏందంటే, ప్లాస్టర్ అయినా స్టోన్ అయినా డై స్టోన్ అయినా లోపల పదార్థం ఒకటే, జిప్సం రాయిని వేడి చేసి అందులో నీరు కొంత పోగొడతారు, మనం మళ్ళీ నీళ్ళు కలిపితే అది తన నీరు తాను తీసుకొని మళ్ళీ రాయి అవుతది, అప్పుడు వేడి పుడతది, ట్రే పట్టుకుంటే వెచ్చగా ఉంటది చూడండి, అదే. 100 గ్రాముల పౌడర్ గట్టిపడటానికి నిజంగా కావాల్సిన నీళ్ళు 18.6 గ్రాములే. కానీ మామూలు తెల్ల ప్లాస్టర్ కలపాలంటే 45, 50 మిల్లీలీటర్లు పోస్తే గానీ కదలదు, డై స్టోన్ అంటే టైప్ 4 అయితే 22 నుంచి 24 చాలు, ఎందుకంటే దాని రేణువులు నున్నగా దట్టంగా ఉంటాయి. ఎక్కువ పోసిన నీళ్ళన్నీ ఏమవుతాయి? ఆరిపోయి ఆ చోట్లో చిల్లులు మిగులుతాయి. మీరు చిక్కగా ఉందని ఇంకో 5 మిల్లీలీటర్లు పోస్తే పోయడం సుఖంగానే ఉంటది, కానీ రేపు మార్జిన్ దగ్గర వ్యాక్స్ నైఫ్ తగిలితే సున్నంలాగా రాలుద్ది. కాబట్టి తూకం. డబ్బా మీద కంపెనీ వాడు ఎంత రాస్తే అంత, డిజిటల్ వేయింగ్ మిషను, సిరంజి, అంతకన్నా ఏం అక్కర్లేదు.

ఇంకోటి మన ఊరి నీళ్ళు. బోరు నీళ్ళు వాడబాకండి. ఉప్పు ఉండే నీళ్ళు స్టోన్ గట్టిపడే టైముని, వ్యాకోచాన్ని రెండింటినీ మారుస్తాయి, మన కోస్తా వైపు బోరు నీళ్ళ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. డిస్టిల్డ్ వాటర్ క్యాను ఒకటి తెచ్చిపెట్టుకుంటే నెల పోతది. వానాకాలంలో బస్తా మూతి విప్పి పెడితే పౌడర్ గాల్లో తేమ తాగుద్ది, అది ఇంక సరిగ్గా పనిచేయదు, చిన్న చిన్న డబ్బాల్లో పోసి మూత గట్టిగా పెట్టుకోండి.

వ్యాకోచం అన్నా గదా, అది కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే బ్రిడ్జిలు చేసేవాళ్ళకి ఇది ముఖ్యం. స్టోన్ గట్టిపడేటప్పుడు కొంచెం పెద్దదవుతది. టైప్ 4కి రెండు గంటల్లో 0.15 శాతం దాటకూడదని స్టాండర్డ్. టైప్ 3కి, అంటే మామూలు స్టోన్‌కి, 0.20 దాకా ఒప్పుకుంటారు. ఈ దవడ పన్ను నుంచి ఆ దవడ పన్నుకి 50 మిల్లీమీటర్లు అనుకోండి, 0.15 శాతం అంటే 75 మైక్రాన్లు, అంటే ఒక వెంట్రుక. 0.20 అంటే 100 మైక్రాన్లు. ఇప్పుడు పై భాగం టైప్ 4తో పోసి, కింద బేస్ చవక ప్లాస్టర్‌తో పోశారనుకోండి, అది ఇంకా ఎక్కువ పెరుగుద్ది, పైన పళ్ళు పోసిన రాయి ఒకలాగా, కింద పిన్నులు పట్టుకున్న రాయి ఒకలాగా సాగితే పిన్నులు ఎటు పోతాయి? మాడల్ కోసేదాకా తెలియదు, కోసిన తర్వాత ముక్కలు తమ తమ దారి చూసుకుంటాయి. బేస్‌కి కూడా వ్యాకోచం తక్కువ ఉండే స్టోన్ వాడండి, దాంట్లో మిగిలే డబ్బు చాలా తక్కువ.

పోసేటప్పుడు నీళ్ళలో పౌడర్ వేయాలి, పౌడర్‌లో నీళ్ళు కాదు. అర నిమిషం నాననివ్వండి. వ్యాక్యూమ్ మిక్సర్ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, లేనివాళ్ళు గిన్నె గోడకి ఆనించి ఒత్తుతా కలపండి, కొట్టబాకండి, కొడితే గాలి ఎక్కుద్ది. ఇంప్రెషన్ వైబ్రేటర్ మీద పెట్టి ఒక చివర కొంచెం వేసి అది మెల్లగా జారుకుంటా పోయి ప్రెప్ పన్ను గుంతలోకి దిగేదాకా చూడండి, ఈ చోట కళ్ళు తిప్పబాకండి, ఫోను మోగినా సరే. రెండు వైపుల నుంచి పోస్తే మధ్యలో గాలి ఇరుక్కుంటది, ఆ బుడగ ఎప్పుడూ పోయి మార్జిన్ మీదే కూర్చుంటది.

ఆల్జినేట్ ఇంప్రెషన్లో క్యాపు పని పంపించే డాక్టర్లకి ఒక మాట, ఈడ కూర్చున్నవాళ్ళు చేయరని తెలుసు, మీ ఫ్రెండ్స్‌కి చెప్పండి సార్. ఆల్జినేట్ అంటే ఇంప్రెషన్ తీసే మెత్తటి ముద్ద, అందులో చాలా వరకు నీళ్ళే, బయట పెడితే నీళ్ళు వదిలి కుదించుకుపోతది, నీళ్ళలో పెడితే తాగి ఉబ్బుద్ది. రోహిణి కార్తెలో కావలి నుంచి బస్సు పార్సిల్లో వచ్చిన ఆల్జినేట్ నా టేబుల్ మీదకి వచ్చేసరికి అది ఎవరి పన్నూ కాదు. క్యాపులకి గట్టి ముద్ద పుటీ, పలచటి లైట్ బాడీ రెండూ ఉండే అడిషన్ సిలికాన్ తీసుకోండి, అది రోజులు తరబడి మారదు, రెండు మూడు సార్లు పోయొచ్చు. ఆ రెండోసారి పోయడం గురించి నేను కాసేపట్లో మళ్ళీ చెప్తా, అది నా ప్రాణం కాపాడిన విషయం. కొన్ని సిలికాన్లు తీసిన వెంటనే సన్నగా గ్యాస్ వదులుతాయి, వెంటనే పోస్తే స్టోన్ మీద సూది మొనల్లాంటి చిల్లులు పడతాయి, ఒక గంట ఆగి పోయండి.

ఇప్పుడు పిన్నులు. ఇత్తడి పిన్ను, డోవెల్ పిన్ను అంటాం, ఇదుగో, ఒక పక్క చదునుగా ఉంటది, అది తిరక్కుండా. నేను నేర్చుకున్నప్పుడు మిషన్ లేదు, ఇంప్రెషన్ మీద అడ్డంగా ఆడవాళ్ళు జడకి పెట్టుకునే హెయిర్‌పిన్ను పెట్టి, దాని రెండు కాళ్ళ మధ్యలో డోవెల్ పిన్నుని ఇరికించి, గుండు సూదులు గుచ్చి స్టిక్కీ వ్యాక్స్‌తో అతికించి, అప్పుడు స్టోన్ పోసేవాళ్ళం. ఆ పిన్ను ప్రెప్ మధ్యలో నిలువుగా వేలాడాలి, గుంత గోడకి తగలకూడదు. వ్యాక్స్ కొంచెం మెత్తబడితే పిన్ను వాలిపోయేది, చెన్నై ఎండల్లో చాలాసార్లు అట్టా జరిగింది. ఇప్పటికీ మిషన్ కొనలేని చోట ఇట్టా చేసేవాళ్ళు ఉండారు, జాగ్రత్తగా చేస్తే బాగానే వస్తది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

ఇప్పుడు ఎక్కువమంది చేసేది మాడల్ పోసిన తర్వాత కింద నుంచి డ్రిల్ చేయడం. పిన్‌డెక్స్ రకం మిషన్. మాడల్ కింద భాగం గుర్రపు నాడాలాగా ట్రిమ్ చేసి, అడుగు అద్దం లాగా చదును చేయాలి, చిగురు నుంచి కిందకి సుమారు 15 మిల్లీమీటర్లు మందం ఉంచండి. చదును అయిందో లేదో చూడటానికి నేను మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క ఒకటి పెట్టుకున్నా, పాలిష్ చేసిన ముక్క, కటింగ్ యూనిట్ దగ్గర మిగిలిపోయింది ఉట్టినే ఇచ్చారు, దాని మీద మాడల్ పెట్టి వేలితో మూలల మీద నొక్కితే ఊగితే తెలిసిపోద్ది. ఊగే మాడల్ మిషన్ మీద పెడితే ప్రతి రంధ్రం ఒక్కో వాలులో పడతది. పైన పెన్సిల్‌తో ప్రతి ముక్క మధ్యలో చుక్కలు పెట్టుకొని, మిషన్ పై నుంచి వచ్చే లైటు చుక్క ఆ చుక్క మీద పడేట్టు పట్టుకొని కిందకి నొక్కితే కింద నుంచి డ్రిల్ వస్తది. రంధ్రాలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి, అదీ దీని గొప్ప.

దవడ పన్నుకి ఒక్క పిన్ను పెట్టబాకండి. రెండు పెట్టండి, లేకపోతే ఒక పిన్ను పెట్టి పక్కన గుంత లాంటి గాడి చెక్కండి, తిరక్కుండా పట్టుకోవడానికి. ముందు పళ్ళకి చోటు ఉండదు, ఒక పిన్ను, ఒక గాడి. రంధ్రంలో దుమ్ము బ్రష్‌తో, గాలితో తీసేసి ముందు పిన్ను ఉత్తిగా పెట్టి చూసుకొని అప్పుడు సైనో గమ్ చుక్క వేసి దించండి. గమ్ ఎక్కువైతే పిన్ను పూర్తిగా దిగదు, పైకి లేచి గట్టిపడుద్ది. పిన్ను మీద స్లీవ్, అంటే చిన్న గొట్టం, తొడగండి, అది బేస్‌లో ఉండిపోతది, పిన్ను అందులోకే దిగి కూర్చుంటది. పిన్ను చివర చిన్న వ్యాక్స్ ఉండ పెట్టండి, బేస్ పోసిన తర్వాత ఆ వ్యాక్స్ తీసేస్తే పిన్ను చివర కనబడతది, నొక్కడానికి. ఇందాక నేను నొక్కింది అదే.

బేస్ పోసే ముందు ఒక సంగతి, చాలామంది మర్చిపోతారు. ఆరిన మాడల్ మీద కొత్త స్టోన్ పోస్తే పాత రాయి కొత్త రాయిలో నీళ్ళు పీల్చేస్తది. కాబట్టి తడపాలి. కానీ కుళాయి నీళ్ళలో వేయబాకండి, జిప్సం నీళ్ళలో కరుగుద్ది, లీటరుకి రెండు గ్రాముల పైన కరుగుద్ది, మీరు జాగ్రత్తగా తెచ్చుకున్న మార్జిన్ ఆ నీళ్ళలోకి పోతది. ట్రిమ్మర్ దగ్గర వచ్చే రాతి బురద నీళ్ళు పక్కన తేర్చి పెట్టుకోండి, స్లరీ వాటర్ అంటాం, ఆ నీళ్ళకి ఇంక కరిగించుకునే ఆకలి ఉండదు, అందులో మాడల్ అడుగు అయిదు నిమిషాలు నానబెట్టండి. తర్వాత రెండు రాళ్ళూ అతుక్కోకుండా సెపరేటర్ పూసి బేస్ పోయండి.

ఇప్పుడు రంపం. దీని దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతా.

సన్నటి బ్లేడు, కొత్త బ్లేడు, ప్రతి పదిహేను ఇరవై మాడల్స్‌కి మార్చండి. ముందు పెన్సిల్‌తో గీత గీసుకోండి, ముందువైపూ, నాలుక వైపూ. రెండు కోతలు. ఆ రెండు కోతలూ కిందకి పోయేకొద్దీ రవ్వంత దగ్గరవ్వాలి, అంటే డై పైన వెడల్పు, అడుగున సన్నం. తిరగేసి కోశారంటే పైన సన్నం కింద వెడల్పు అయి చచ్చినా బయటికి రాదు, లాగితే విరుగుద్ది. చీమకుర్తి క్వారీలో రాయిని వైరుతో కోయడం చూశారా, బ్లాక్ ఎంత పెద్దదైనా వైరు మందం మేర రాయి పొడి అయిపోతది, అంత రాయి పోయినట్టే, దాని లెక్క వేరే ఉంటది. మన రంపానికీ అదే లెక్క, బ్లేడు పోయినంత మేర స్టోన్ పోతది. ఆ పోయే స్టోన్ సందులోది కావాలి, పక్క పన్నుది కాకూడదు, ప్రెప్ మార్జిన్‌ది అసలే కాకూడదు. పక్క పన్ను పొట్ట దగ్గర ఒక్క గీత పడినా చాలు, ఆడ కాంటాక్ట్, అంటే పక్క పన్నుకి తగులుడు, మీరు ఎంత కరెక్టుగా ఇచ్చినా నోట్లోకి పోయేసరికి గట్టిగా బిగుసుకుంటది, డాక్టరుగారు పేషెంట్ ముందు క్యాపు అరగదీస్తా కూర్చుంటారు. పళ్ళు రెండూ మరీ ఒరుసుకుని ఉంటే పైనుంచి కోయబాకండి, మాడల్ తిరగేసి కిందనుంచి మార్జిన్ దగ్గరిదాకా వచ్చి ఆగి, మిగతా సన్న పొర మెల్లగా విరవండి.

కోయడానికి ముందు నేను ఇంకోటి చేస్తా, దీన్ని ఎవురూ నాకు నేర్పలేదు, దెబ్బ తిని నేర్చుకున్నా. డైకీ బేస్‌కీ అతుకు కనబడతది చూడండి, ఆ అతుకు మీదుగా నిలువుగా రెండు చోట్ల పెన్సిల్ గీత గీస్తా, బేస్ మీద మొదలై డై మీదకి ఎక్కుద్ది. ఇంక ఆ తర్వాత ఎన్నిసార్లు తీసి పెట్టినా ఆ గీత తెగకుండా నేరుగా ఉందా, అతుకు దగ్గర నల్లటి సందు కనబడుతుందా, రెండే చూస్తా. అర సెకను పని.

ఆ దెబ్బ ఏందో చెప్తా. పదిహేనేళ్ళ పైనే అయింది. కావలి నుంచి ఒక క్లినిక్ పంపిన కేసు, కూరగాయలు అమ్ముకునే ఆమె, కింద దవడ పన్నుకి క్యాపు. చేసి పంపించా. డాక్టరుగారు ట్రయల్ వేసి వెనక్కి పంపించారు, ముందు పన్నుకీ క్యాపుకీ మధ్య సందు ఉంది, పై పన్నుకి కూడా తగలడం లేదు అని. నేను మాడల్ మీద పెట్టి చూశా, బ్రహ్మాండంగా ఉండాది, కాంటాక్ట్ ఉండాది, బైట్ ఉండాది. సరే అని కొంచెం పోర్సలిన్ వేసి మళ్ళీ పంపించా. మళ్ళీ అదే. మూడోసారి నాకు కోపం వచ్చింది, ఇంప్రెషన్ తప్పు తీసుంటారు అని ఫోన్లో గట్టిగానే అన్నా. ఆయన ఏం అనలేదు, "ఒకసారి వచ్చి చూడు బాబూ" అన్నాడు.

పోయా. ఆమె కుర్చీలో ఉంది. నన్ను చూసి "నాయనా, నువ్వేనా పన్ను చేసేది, మూడు రోజులు కొట్టు మూసుకున్నా, తోటకూర తింటే పీచంతా ఆడే ఇరుక్కుంటా ఉండాది" అనింది. తిట్టలేదు. సందులో ఫ్లాస్ దారం పెడితే అడ్డం లేకుండా పోయింది, నేనే చూశా.

ఆ రాత్రి ల్యాబ్‌కి వచ్చి డై తీసి, భూతద్దం పెట్టి స్లీవ్ లోపల చూస్తే, ఒక స్టోన్ రేణువు, ఉప్మా రవ్వ అంత కూడా లేదు, అడుగున అతుక్కొని ఉండాది. మొదటి రోజు నుంచీ అక్కడే ఉండాది. దాని వల్ల డై ఒక పక్క లేచి, కొంచెం వాలి కూర్చుంటా ఉంది. ఇప్పుడు బాగా వినండి, ఇది చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. డై పైకి లేస్తే క్యాపు ఎత్తు అవుతుందని అనుకుంటారు. కాదు. డై పైకి లేచింది, మనం పై పన్నుకి తగిలేదాకా క్యాపు చేస్తాం, అంటే లేచినంత మేర క్యాపు పలచనవుతది. నోట్లో పన్ను లేవదు గదా, దాని చోట్లో అది ఉంటది, కాబట్టి క్యాపు నోట్లో పొట్టి అవుతది, పై పన్నుకి తగలదు. అదే డై లూజై కిందకి దిగిపోతే క్యాపు మందమై నోట్లో ఎత్తు వస్తది. పక్కకి వాలితే ఒకవైపు సందు, ఇంకోవైపు బిగువు. డాక్టరుగారు హై అంటే డై దిగిందేమో చూడండి, లో అంటే డై కింద ఏమన్నా ఉందేమో చూడండి. మాడల్ మీద బానే ఉంది గదా అనడం ఆపేయండి, మాడలే అబద్ధం చెప్తుంటే దాన్ని సాక్షిగా పెట్టుకొని ఏం లాభం.

ఆమెకి కొత్త ఇంప్రెషన్ తీసి కొత్త క్యాపు చేసిచ్చా. డాక్టరుగారికి సారీ చెప్పా. కానీ ఆమె మూడు రోజుల బేరం నేను ఇవ్వలేకపోయా గదా, అది ఇప్పటికీ నా మనసులో ఉండాది.

అప్పటి నుంచి ప్రతి కేసుకీ రెండు మాడల్స్. ఒకే సిలికాన్ ఇంప్రెషన్లో మొదటిసారి పోసింది డైల కోసం, ఎందుకంటే మొదటిదే ఎక్కువ కరెక్టు. రెండోసారి పోసింది కోయను, రంపం చూపించను, అట్టానే ఉంచుతా. క్యాపు మార్జిన్లు డై మీద చేసి, కాంటాక్టులు మాత్రం ఆఖర్లో ఆ కోయని మాడల్ మీద సరిచూస్తా. కోసిన మాడల్లో ముక్కలు కదలొచ్చు, కోయనిదాంట్లో కదలడానికి ఏం లేదు. ఖర్చు ఎంత, గుప్పెడు స్టోన్, పావుగంట. రష్ ఉంది అన్నా అని మా పిలకాయలు అంటారు, రష్ ఉన్నప్పుడే కావాలి అది.

డిచింగ్ గురించి త్వరగా చెప్తా, బల్ల దగ్గర చూపిస్తా గదా. డై తీసిన తర్వాత మార్జిన్ కింద ఉన్న చిగురు భాగం బర్‌తో చెక్కేయాలి, ముందు దూరంగా, తర్వాత దగ్గరగా, ఆఖరి అర మిల్లీమీటర్ నైఫ్‌తో, భూతద్దం కింద. మార్జిన్ మీద ఎర్ర పెన్సిల్, నల్ల పెన్సిల్ వద్దు, గ్రాఫైట్ ఉంటది. గట్టిగా గీకబాకండి, పెన్సిల్ పక్కకి పడుకోబెట్టి రాయండి. డై గట్టిపడటానికి పూసే హార్డెనర్ పలచగా. స్పేసర్ అనే పూత మార్జిన్‌కి ఒక మిల్లీమీటర్ పైన ఆపేయండి, మొత్తం మందం 20 నుంచి 40 మైక్రాన్లు, సిమెంట్‌కి చోటు కోసం. ఎక్కువ కోట్లు వేసి క్యాపు లూజు చేసి, ఈజీగా ఎక్కుతుంది చూడండి అని చూపించేవాళ్ళు ఉండారు, అది పని కాదు.

ఇంకోటి మన ప్రాంతానికి సంబంధించింది చెప్పాలి. కనిగిరి, పామూరు వైపు నుంచి ముందు పళ్ళ కేసులు చాలా వస్తాయి. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అంటారు, ఆ వైపు చాలా ఊళ్ళల్లో బోర్లు అది దాటేసినయ్యి, పళ్ళు లోపల తయారయ్యే వయసులో పిల్లలు ఆ నీళ్ళు తాగితే పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, గీతలు వస్తాయి, ఎంత తోముకున్నా పోవు. పెళ్ళి చూపులకి ముందు, ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందు పిల్లలు వచ్చి ఆరు ముందు పళ్ళకి క్యాపులు, పన్ను ముందువైపు అతికించే పలచటి వెనీర్లు చేయించుకుంటారు. వాళ్ళు నోరు మూసుకొని నవ్వుతారు, చేయి అడ్డం పెట్టుకొని. ఆ కేసుల్లో అంచు ఎంత ముఖ్యమో చిగురు ఆకారం కూడా అంతే ముఖ్యం, ఆరు డైలూ కోసి చిగురు చెక్కేస్తే క్యాపు చిగురు దగ్గర ఎట్టా మొదలవ్వాలో మనకి తెలియదు, ఉబ్బుగా చేస్తాం, నోట్లో అది కృత్రిమంగా కనబడతది. అందుకని అట్టాంటి వాటికి గెల్లర్ మాడల్ చేస్తా. జ్యూరిక్‌లో విల్లీ గెల్లర్ అని పెద్ద సిరామిస్టు, ఆయన పేరు మీద వచ్చింది. డై వేరు కింద సన్నగా కోన్ లాగా చెక్కి, దాన్ని మళ్ళీ ఇంప్రెషన్లో పెట్టి చుట్టూ చిగురుతో సహా కొత్తగా పోస్తాం, అప్పుడు పన్ను చిగురులో నుంచి ముంజ లాగా వస్తది, చిగురు అట్టానే నిలబడి ఉంటది. రెట్టింపు టైము పడతది, రేటు కూడా డాక్టర్లతో ముందే మాట్లాడుకోవాలి. కానీ ఆ పిల్ల చేయి అడ్డం తీసేసి నవ్విన ఫోటో డాక్టరుగారు పంపిస్తే ఆ టైము లెక్కకి రాదు.

ఇప్పుడు స్కానర్లు, ప్రింటెడ్ మాడల్స్ వచ్చినయ్యి, అవి వచ్చాక ఇవన్నీ ఎందుకన్నా అని అడుగుతారు. నేను వాటికి వ్యతిరేకం కాదు, నా ల్యాబ్‌లో ప్రింటర్ ఉండాది. కానీ ప్రింటెడ్ మాడల్లో కూడా డై బయటికి తీసేట్టే డిజైన్ చేస్తాం గదా, ఆడ కూడా గుంత, ముక్క, మళ్ళీ కూర్చోవడం. సరిగ్గా కడగకపోతే గుంతలో రెజిన్ మిగిలి డై పైకి కూర్చుంటది, సాఫ్ట్‌వేర్‌లో గ్యాప్ ఎక్కువ పెడితే ఊగుద్ది. అది స్టోన్ రేణువు, ఇది రెజిన్ చుక్క.

ప్రశ్నలు ఉంటే అడగండి. చెప్పమ్మా.

(ఒక స్టూడెంట్: అన్నా, పిన్నులు లేకుండా ట్రే సిస్టం వాడొచ్చా?)

వాడొచ్చమ్మా. ప్లాస్టిక్ ట్రే, గోడల మీద గాళ్ళు ఉంటాయి, అందులో స్టోన్ పోసి మాడల్ దించి, గట్టిపడ్డాక బయటికి తీసి కోసి, ముక్కలు మళ్ళీ ట్రేలో పెట్టి లాక్ వేస్తాం. డ్రిల్ మిషన్ అక్కర్లేదు. కానీ ట్రే వెడల్పు ఎక్కువ కాబట్టి పై, కింద మాడల్స్ బిగించే చిన్న ఆర్టిక్యులేటర్లో ఇబ్బంది పడతది, ఇంక ట్రే లాక్ అరిగిపోయినా వాడతా ఉంటారు, అదీ ప్రమాదం. ఒక్కటే దవడ పన్ను అయితే నేనూ అప్పుడప్పుడు వాడతా.

(ఒక డాక్టర్: మార్జిన్ దగ్గర డై విరిగితే వ్యాక్స్‌తో పూడ్చి చేస్తుంటారు ల్యాబుల్లో, అది సరైనదేనా?)

కాదు సార్. అది ఊహ. ఎవరి పన్నో మనం కల్పించినట్టు. అందుకే క్యాపు పేషెంట్ నోట్లో సిమెంట్ అయ్యేదాకా ఇంప్రెషన్ పారేయొద్దని మా వాళ్ళకి చెప్తా, సిలికాన్ అయితే మళ్ళీ పోయొచ్చు. అప్పుడు కూడా మార్జిన్ కనబడకపోతే మీకు ఫోన్ చేస్తా, మళ్ళీ ఇంప్రెషన్ కావాలంటా. అప్పుడు మీరు కొంచెం చిరాకు పడతారు సార్, పర్లేదు, పడండి, కానీ పంపించండి.

(ఒక టెక్నీషియన్: అన్నా, క్లినిక్‌కి పంపేటప్పుడు డై మాడల్లోనే ఉంచి పంపాలా?)

ఉంచబాకు. బస్సు పార్సిల్లో ఆత్మకూరు పోయేసరికి డై లోపల ఊగి ఊగి స్లీవ్ అరుగుద్ది, మార్జిన్ పక్క పన్నుకి కొట్టుకొని విరుగుద్ది. డై తీసి టిష్యూలో చుట్టి మాత్రల డబ్బా లాంటి చిన్న డబ్బాలో పెట్టు, బేస్ వేరే, కోయని మాడల్ వేరే, క్యాపు వేరే. డబ్బా మీద పేషెంట్ నంబరు రాయి. డాక్టరుగారు దాన్ని పెట్టి చూసుకునే ముందు స్లీవ్‌లోకి ఒకసారి గాలి కొట్టమని చీటీ కూడా పెట్టు, నేను ప్రతి పార్సిల్లో పెడతా.

సరే, ఇంకా అడిగేవాళ్ళు బల్ల దగ్గర పని చేస్తా చేస్తా అడగండి. ఇద్దరికి ఒక ఇంప్రెషన్ పెట్టుండా. నీళ్ళు 23 మిల్లీలీటర్లు సిరంజిల్లో కొలిచి ఉండాయి, పౌడర్ 100 గ్రాములు కప్పుల్లో ఉండాది. ముందు నీళ్ళు గిన్నెలో పోయండి... ఆ, ఫ్యాను పూర్తిగా ఆపేయండి ఇప్పుడు.